తాగునీటి లైను మారుస్తున్నారా? పని ఆగిన ప్రతిసారీ పైపు నోటికి మూత పడాలి

కుళాయి నీళ్లు తాగి కాలనీలో సగం మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలయ్యారన్న వార్త వానలు పడగానే ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది. నెపం పాత పైపు మీదికి పోతుంది. తుప్పు పట్టిన పైపు ప్రమాదమే, కాదనం. కానీ కొత్త లైను ఎక్కించిన వారంలోనే జనం జబ్బు పడ్డ కాలనీలూ ఉన్నాయి. అక్కడ తప్పు పైపుది కాదు, వేసిన తీరుది. బారికేడ్లు, హెల్మెట్లు, రాత్రి ఎర్రలైట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

తవ్వే ముందు

పాత మ్యాపులో లైను ఎక్కడ ఉందంటే అక్కడే ఉంటుందని నమ్మొద్దు. కరెంటు కేబులు, మురుగు పైపు అడ్డంగా దాటే ప్రతిచోటా ముందు చేత్తో గుంత తీసి చూడండి. మంచినీటి లైనుకూ మురుగు లైనుకూ మధ్య అడ్డంగా 3 మీటర్ల దూరం ఉండాలి. ఇరుకు వీధిలో అది కుదరకపోతే మంచినీటి పైపు అడుగుభాగం మురుగు పైపు పైభాగం కన్నా కనీసం అర మీటరు ఎత్తులో ఉండాలి. దాటేచోట జాయింటు రాకుండా, పైపు నడిమి భాగం మురుగు లైనుకు పైగా వచ్చేలా కొలుచుకుని దించండి.

పాత ఇనుప పైపును కోసే ముందు కోత పడే చోటుకు రెండువైపులా కలుపుతూ మందపాటి జంపర్ కేబులు (కరెంటు దాని గుండా పోయేలా కట్టే తీగ) బిగించాలి. ఎన్నో ఇళ్ల ఎర్తింగ్ ఆ పైపు మీదే ఆధారపడి ఉంటుంది. పైపు తెగాక రెండు ముక్కలనూ చెరో చేత్తో పట్టుకున్నవాడి ఒంట్లోంచి కరెంటు ప్రవహించవచ్చు. ప్లాస్టిక్ పైపు వేస్తే ఆ ఇళ్లకు ఎర్తింగే ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో ముందే వేరే ఎర్త్ పెట్టించాలి.

ఆస్బెస్టాస్ సిమెంట్ పైపు మీద గ్రైండర్ పెట్టొద్దు.

పైపు దించేటప్పుడు

కాలనీలను ముంచే తప్పు ఇక్కడే జరుగుతుంది. సాయంత్రం పని ఆపి వెళ్లేటప్పుడు పైపు చివర తెరిచి వదిలేస్తారు. రాత్రి వాన పడుతుంది. లేదా పగలు జేసీబీ పన్ను తగిలి పగిలిన సైడు కాలువ నుంచి మురుగు మెల్లగా పైపు కోసం తవ్విన ట్రెంచ్‌లోకి దిగుతుంది. తెల్లారేసరికి పైపులో పదుల మీటర్ల దూరం బురద చేరుతుంది. పొద్దున నీళ్లు తోడేసి, తర్వాతి పైపు తగిలించి, మట్టి కప్పేస్తారు. లోపల ఏం మిగిలిందో ఎవరికీ కనిపించదు.

గోనెసంచి కుక్కితే మూత కాదు. ప్లాస్టిక్ కవరు చుట్టి తాడు కట్టినా మూత కాదు. పైపు చివరకు బిగించే, నీరు చొరబడని ఎండ్ క్యాప్, లేదా రబ్బరు బిగుసుకునే మెకానికల్ ప్లగ్ కావాలి. భోజనానికి ఆగినా, ఫిట్టింగ్ కోసం గంట ఎదురుచూస్తున్నా, పని ఆగిందంటే మూత పడాలి. లారీ నుంచి దింపి రోడ్డు పక్కన పేర్చిన పైపులకూ రెండు చివర్లా మూతలుండాలి. లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి.

మూత పెట్టకపోవడానికి పనివాళ్లు రెండు కారణాలు చెబుతారు. మొదటిది, మూత పెడితే ట్రెంచ్‌లో నీళ్లు చేరినప్పుడు పైపు తేలిపోతుందని. నిజమే, తేలుతుంది. అందుకని మూత తీసేయకూడదు. జాయింట్లు కనబడేలా వదిలి, పైపు మధ్యభాగాల మీద ఆ పూటే మట్టి వేసి అణచాలి, గుంతలో తోడే పంపు ఉంచాలి. రెండోది, చివర్లో ఎలాగూ క్లోరిన్ పోస్తాం కదా అని. అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది. బురద ఉన్నచోట క్లోరిన్ ఆ బురదతోనే ఖర్చయిపోతుంది, మట్టి పొర కింద దాగిన క్రిములను అందుకోలేదు. ముందు కడగాలి, తర్వాతే క్లోరిన్.

నీళ్లు వదిలే ముందు

కడగడమంటే కుళాయి తిప్పి చూడటం కాదు. లోపల నీరు సెకనుకు కనీసం 0.9 మీటరు వేగంతో పరుగెత్తాలి. 100 మి.మీ. పైపులో అది సెకనుకు సుమారు 7 లీటర్లు. కడిగిన నీరు బయటికి వచ్చే వాష్ అవుట్ దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి, అరనిమిషంలో నిండకపోతే ధార చాలదని అర్థం. మురుగు లోపలికి వెళ్లిందని ఏ కాస్త అనుమానం ఉన్నా పైపు లోపల ఫోమ్ స్వాబ్ (స్పాంజి లాంటి మెత్తటి దిమ్మె) తోసి తుడవాల్సిందే.

క్లోరిన్ లీటరుకు 25 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. 100 మి.మీ. పైపు 100 మీటర్ల పొడవులో సుమారు 785 లీటర్లు పడతాయి. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే 65 గ్రాములు కావాలి. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి చేరాక పైతేట మాత్రమే పంపండి. 24 గంటల తర్వాత కొలిస్తే ఇంకా 10 మిల్లీగ్రాములైనా మిగలాలి. అంతకన్నా పడిపోయిందంటే లోపల దాన్ని తినేసే మురికి ఉన్నట్టే, మళ్లీ కడగండి. ఆ ఘాటు నీటిని చెరువులోకి వదలొద్దు, చేపలు చస్తాయి.

మిగిలినవి, ఒక్కొక్కటిగా:

లీకులు తెలుసుకునే ప్రెజర్ పరీక్ష నీటితోనే. గాలితో చేస్తే, పైపు పగిలినప్పుడు బాంబే.

ప్లాస్టిక్ పైపు ఒత్తిడికి సాగుతుంది, మొదట్లో ప్రెజర్ గేజ్ ముల్లు కాస్త దిగితే లీకు అనుకుని జాయింట్లు తవ్వొద్దు.

చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ప్రెజర్ దగ్గర 100 మి.మీ. ఎండ్ క్యాప్ మీద దాదాపు 470 కిలోల తోపుడు పడుతుంది. రబ్బరు జాయింట్ల లైను అయితే వంపుల దగ్గర, చివర్ల దగ్గర కాంక్రీటు దిమ్మె గట్టిపడకుండా పరీక్ష మొదలుపెట్టొద్దు.

పాత లైను వాల్వు కట్టేస్తే చాలదు. పాత వాల్వులు కారతాయి. కొత్త లైను నుంచి తెంచి, రెండు నోళ్లకూ మూత వేయండి.

వీధి మెయిన్ పైపు మార్చి, సైడు కాలువలో మునిగి ఉన్న, ఇంటికి వెళ్లే పాత సర్వీసు పైపును అలాగే తగిలిస్తే మీరు చేసిందేమీ లేదు. సరఫరా ఆగగానే, లేదా ఎవరైనా లైనుకు మోటారు పెట్టగానే, చిల్లుల్లోంచి మురుగు లోపలికి లాగేస్తుంది.

పైపు కింద రాళ్లుండకూడదు. 10 సెంటీమీటర్ల ఇసుక.

ప్లాస్టిక్ పైపు వెంట ట్రేసర్ వైరు (పైపు ఎక్కడుందో పైనుంచి కనిపెట్టడానికి వేసే లోహపు తీగ) వేయండి, లేకపోతే రేపు ఎవరికీ దొరకదు.

నిలువు గోడల లోతు ట్రెంచ్‌లోకి ఆసరా పలకలు లేకుండా మనిషిని దించొద్దు. తవ్విన మట్టి అంచున పోయొద్దు.

కడిగే రోజు ఇళ్లవాళ్లు మీటరు దగ్గర వాల్వు కట్టేసుకోవాలి, ఆ బురద సంపులోకి వెళితే సంపు కూడా కడగాలి. గీజర్ వేయొద్దు.

నీటి శాంపిల్ 24 గంటల తేడాతో రెండుసార్లు తీయాలి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు. రిపోర్టు చేతికి రాకుండా వాల్వు తిప్పమని ఎవరు ఒత్తిడి చేసినా తిప్పొద్దు. ట్యాంకర్లు తెప్పించండి.

మూత పెట్టే పని ఫలానా మనిషిదని పేరు రాసి పెట్టండి. సూపర్‌వైజర్ సైటు వదిలేముందు ప్రతి నోటినీ తడిమి చూడాలి, ఫొటో తీయాలి. పొద్దున మూత ఊడి కనిపిస్తే తర్వాతి పైపు తగిలించొద్దు. ఆ ముక్కను విప్పి, బయటికి తీసి, కడిగాకే పని మొదలుపెట్టండి.