పాత క్యాంపస్ భవనాన్ని కూల్చకుండా తిరిగి వాడుకోవడం ఎలా?

1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల గ్రానైటు భవనంలో నేటికీ తరగతులు జరుగుతున్నాయి కనుక, వయసు ఒక్కటే కూల్చివేతకు కారణం కాజాలదు. ముందుగా స్ట్రక్చరల్ ఇంజినీరుచేత పునాదులను, గోడలను, కప్పును పరీక్ష చేయించి, చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో తేల్చుకోవాలి. చాలాచోట్ల పూడుకుపోయిన వాననీటి గొట్టమే అసలు దోషి.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయవద్దు. సిమెంటు పూత తేమను బయటికి పోనీయదు. లోపల నిలిచిన తేమతో పాటు లవణాలు పేరుకుని ఇటుకల ముఖం పొరలుపొరలుగా రాలిపోతుంది. గానుగ సున్నమే (ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన సున్నం) వాడి, పూతను కొన్నాళ్లు తడుపుతూ ఉండాలి. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి, పనంతా వేసవి సెలవుల్లోనే ముగించాలన్న తొందర (అధికారులకు ఇది సహజమే) ఇక్కడ చెల్లదు.

ఎత్తైన గదులకు ఫాల్స్ సీలింగ్ వేస్తే వేడిగాలి పైకి లేచి వెంటిలేటర్లగుండా పోయే దారి మూసుకుపోతుంది, ఆపై ఏసీ తప్పనిసరి అవుతుంది. బరువైన యంత్రాలున్న ప్రయోగశాలలను కింది అంతస్తులోనే ఉంచాలి. టేకు తలుపులను గీకి, నూనె పట్టించి మళ్లీ బిగించవచ్చు. ఏదైనా గోడ తీయక తప్పకపోతే, సున్నంతో కట్టిన ఇటుకలు విరగకుండా ఊడివస్తాయి గనుక వాటిని శుభ్రంచేసి దాచుకోవాలి. ఆస్‌బెస్టాస్ రేకులను మాత్రం పగలగొట్టకుండా, శిక్షణ పొందినవారిచేతనే తీయించాలి.