అతిథులకు అద్దెకిచ్చే ఇంటి ఫోటోలు ఎలా తీయాలి?

దీనికోసం కొత్త కెమెరా కొనాలేమో అని టెన్షన్ పడకండి, చేతిలో ఉన్న ఫోన్ చాలు. ముందు లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. వేలిముద్రలున్న లెన్స్‌తో తీస్తే గదంతా పొగమంచు పట్టినట్టు మసగ్గా వస్తుంది, తర్వాత ఎంత ఎడిట్ చేసినా అది పూర్తిగా పోదు.

తర్వాత సర్దండి. ఛార్జర్ వైర్లు, చెత్తబుట్ట, ఫ్రిజ్ మీద అంటించిన కాగితాలు, సగం అరిగిన సబ్బు, ఇవేవీ కనిపించకూడదు. దుప్పటి ముడతలు లేకుండా లాగండి, కమోడ్ మూత వేయండి.

ఫోటోలు పగలే తీయండి, కర్టెన్లు పూర్తిగా తెరిచి, లైట్లు ఆర్పేసి. లైట్లన్నీ వేస్తేనే గది బాగుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ పగటి వెలుగు రంగు సుమారు 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ) ఉంటే పసుపు బల్బుది 2700 దగ్గర ఉంటుంది, రెండూ ఒకే గదిలో కలిసేసరికి ఏది తెలుపో ఫోన్‌కి తేలక ఒక గోడ నీలంగా, ఇంకో గోడ నారింజగా వస్తుంది. ఫ్రేములో కిటికీ ఉంటే హెచ్‌డీఆర్ (వెలుగున్న చోటూ నీడ ఉన్న చోటూ రెండూ కనిపించేలా చేసే కెమెరా సెట్టింగ్) ఆన్ చేసి, స్క్రీన్ మీద నొక్కి వెలుగు కాస్త తగ్గించండి, లేకపోతే బయట చెట్టూ ఆకాశం ఏమీ కనిపించదు, తెల్లటి మచ్చే మిగులుతుంది.

గది మూలలోనో గుమ్మంలోనో నిలబడి, ఫోన్‌ని అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకోండి. గ్రిడ్ గీతలు ఆన్ చేసి తలుపు అంచుని వాటితో సరిచూసుకోండి, ఫోన్ కాస్త కిందికో పైకో వంగినా గోడలు ఒరిగినట్టు కనిపిస్తాయి. అద్దానికి ఎదురుగా కాకుండా పక్కకి జరగండి.

ఫోన్ కెమెరాలో 0.5 అని ఉండే, ఎక్కువ వెడల్పు చూపించే లెన్స్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను, చిన్న గదిని హాలులా చూపించడానికి దాన్ని వాడకండి. డబ్బు కట్టి, పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని వచ్చిన మనిషి గుమ్మంలోనే ఉసూరుమంటాడు, ఆ మాటే రివ్యూలో రాస్తాడు. మెట్లు ఇరుకైతే వాటి ఫోటో కూడా పెట్టండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చూసుకుంటారు.

ఇంటి బయట ఫోటోకి సూర్యుడు అస్తమించాక 15, 20 నిమిషాలు ఆగండి, అప్పుడు లోపలి లైట్లన్నీ వేయండి. వెలుగు తక్కువ కాబట్టి ఫోన్‌ని గోడకో కుర్చీకో ఆనించి 3 సెకన్ల టైమర్ పెట్టండి.

అన్నింటికన్నా బాగా వచ్చిన ఫోటో మొదట పెట్టి, మిగతావి ఇంట్లో నడుచుకుంటూ వెళ్లే వరుసలో పెట్టండి. ఫోటోలు వాట్సాప్‌లో పంపుకోవాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది.