ఇంజిన్ బే ఇంట్లోనే క్లీన్ చేసుకోవాలంటే: నీళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది

బానెట్ లేపగానే దుమ్ము, వేపాకులు, ఎండిన బురద, అక్కడక్కడ ఆయిల్ జిడ్డు కనిపిస్తే చాలామంది చేసే పని ఒకటే, దగ్గర్లో ఉన్న వాటర్ సర్వీసింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి "ఇంజిన్ కూడా కొట్టు తమ్ముడూ" అని చెప్పడం. వాళ్లు నిమిషంలో ప్రెషర్ గన్ పెట్టి కొట్టేస్తారు, పైన ఇంత డీజిలో టైర్ పాలిషో చల్లుతారు, ఇంజిన్ మెరిసిపోతుంది. దయచేసి అలా చేయించకండి. పాత కార్బురేటర్ బండ్ల రోజులు వేరు, ఇప్పుడు బానెట్ కింద ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), సెన్సర్లు, స్పార్క్ ప్లగ్గులకి కరెంట్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్, పదుల కొద్దీ కనెక్టర్లు ఉంటాయి. కనెక్టర్లకి రబ్బర్ సీల్ ఉంటుంది నిజమే, కానీ అది వాన తుంపర్లని ఆపడానికి, దగ్గర నుంచి కొట్టే గన్ ప్రెషర్‌ని ఆపడానికి కాదు. ఇళ్లకి కొనే చిన్న ప్రెషర్ వాషర్ కూడా వంద బార్ దాకా కొడుతుంది.

అసలు క్లీనింగ్ దేనికి అంటే నా దృష్టిలో మెరుపు కోసం కాదు, లీకులు కనపడటానికి. శుభ్రంగా ఉన్న ఇంజిన్ మీద కొత్తగా ఒక్క చుక్క ఆయిల్ పడినా, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మరక వచ్చినా ఇట్టే తెలిసిపోతుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా వాల్వ్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) అంచులు, కూలెంట్ పైపుల క్లిప్పులు, బ్యాటరీ టెర్మినల్స్. తడి ఆయిల్ ఉన్న చోట తుడిచేస్తే లీకు ఎక్కడ నుంచి వస్తుందో ఆనవాలు పోతుంది, ఫొటో ఉంటే మెకానిక్‌కి చూపించొచ్చు. ఇంకో మాట, సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ తళతళలాడుతూ తడి మెరుపుతో ఉంటే సంతోషపడకండి, ఒక పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి మళ్లీ బానెట్ లేపి చూడండి.

ఎలక్ట్రిక్ కారు, హైబ్రిడ్ ఉన్నవాళ్లకి మాత్రం ముందే చెప్తున్నా, లోపల నారింజ రంగు కేబుల్స్ కనిపిస్తే అవి హై వోల్టేజ్ లైన్లు, వాటి జోలికి వెళ్లకండి, నీళ్లు, స్ప్రేలు అసలు వాడొద్దు. బండి ఆఫ్ చేసి పైపైన ప్లాస్టిక్ కవర్లని బాగా పిండిన గుడ్డతో తుడిచి వదిలేయండి. సీఎన్‌జీ బండైతే గ్యాస్ పైపులు, రెగ్యులేటర్ కదపకుండా చుట్టూ తుడవండి, గ్యాస్ వాసన వస్తే పని ఆపేసి ముందు అది చూపించుకోండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. నడిచిన ఇంజిన్‌లో కూలెంటే 90 డిగ్రీల దాకా ఉంటుంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టాలు) వేడి దానికి ఎన్నో రెట్లు. దాని మీద చల్లనీళ్లు పడితే లోహం పగుళ్లివ్వచ్చు, కెమికల్ పడితే ఎండి మరకలవుతుంది, కిరసనాయిలో పెట్రోలో పోస్తే మంటే అంటుకోవచ్చు. ఆ రెండూ చల్లటి ఇంజిన్ మీద కూడా వద్దు, ఆవిరి మిగిలిపోతుంది, రబ్బర్ పైపులు ఉబ్బి పాడవుతాయి. కాబట్టి రాత్రి పార్క్ చేసిన బండిని పొద్దున్నే నీడలో పెట్టి చేసుకోవడం ఉత్తమం. కీ తీసి జేబులో కాదు ఇంట్లో పెట్టండి, కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ తిరగొచ్చు కాబట్టి ఫ్యాన్ రెక్కల మధ్య చేయి పెట్టకండి.

ముందు పొడి పని. సగం మురికి దీంతోనే పోతుంది, అయినా అందరూ దీన్నే వదిలేస్తారు. ఆకులు చేత్తో ఏరండి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి, బ్లోవర్ ఉంటే కొట్టండి. వైపర్ల కింద ఉండే జాలీ, దాని మూలల్లో ఉండే నీళ్లు పోయే రంధ్రాలు తప్పకుండా చూడండి. వేప, కానుగ చెట్ల కింద పార్క్ చేసే బండ్లకి అక్కడ ఆకులు కుళ్లి ముద్దగా పేరుకుంటాయి, వానాకాలం నీళ్లు పోయే దారి లేక కొన్ని బండ్లలో క్యాబిన్‌లోకి, డ్యాష్ బోర్డ్ కిందకి కారతాయి. ఎలుకల పెంటికలు, గూడు కనిపిస్తే మాత్రం పొడిగా ఊడ్చొద్దు. గ్లోవ్స్, మాస్క్ వేసుకుని డెట్టాల్ కలిపిన నీళ్లు కొద్దిగా చల్లి తడి టిష్యూతో ఎత్తేయండి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, తేలిగ్గా తీసుకునే జబ్బు కాదది. అక్కడే వైర్లు కూడా ఒకసారి వేలితో తడిమి చూడండి, కొరికిన వైర్ ఉంటే తడి పని ఏదీ మొదలుపెట్టొద్దు.

తర్వాత బ్యాటరీ. చేతికి ఉంగరం, కడియం, వాచీ ఉంటే తీసేయండి. ఎక్కువ బండ్లకి పది నంబర్ స్పానర్ సరిపోతుంది, ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న. ఈ వరస ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిందంటే షార్ట్ అయ్యి నిప్పురవ్వలు లేస్తాయి. గడియారం, పవర్ విండో ఆటో సెట్టింగ్ లాంటివి పోవచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు. టెర్మినల్స్ మీద తెల్లగానో నీలం పచ్చగానో పొడి కట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి, బుసబుసా పొంగుతుంది, తర్వాత తడి గుడ్డతో తుడిచేయండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరి బిగించాక పైన పల్చగా వ్యాసలిన్ రాస్తే మళ్లీ త్వరగా కట్టదు.

ఇప్పుడు కప్పడం. ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి పీల్చే మూతి, ఇగ్నిషన్ కాయిల్స్ ఉండే చోటు, వీటికి ప్లాస్టిక్ కవర్లు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేయండి. ఆయిల్ మూత, డిప్ స్టిక్, కూలెంట్ మూత గట్టిగా ఉన్నాయో లేదో చూడండి.

క్లీనర్ విషయంలో ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకి పది వంతుల నీళ్లు చాలు, మొండి ఆయిల్ జిడ్డు ఉన్న లోహం మీద ఒకటికి నాలుగు దాకా వెళ్లొచ్చు, బాటిల్ మీద రాసింది అంతకంటే పల్చగా ఉంటే దాన్నే పాటించండి. చక్రాలు కడిగే ఆసిడ్ క్లీనర్ అల్యూమినియం మీద వద్దు. ముఖ్యమైన సూత్రం ఏంటంటే స్ప్రే ఇంజిన్ మీద కాదు, బ్రష్ మీదో గుడ్డ మీదో కొట్టండి. పైనుంచి కిందకి కొంచెం కొంచెంగా రుద్దండి, ఒక చోట రుద్దింది ఎండకముందే తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి, మళ్లీ ఇంకో చోటు. గుడ్డ నల్లబడితే మార్చండి. కింది భాగంలో బురద గట్టిగా అంటుకుంటే అక్కడ మాత్రం చేత్తో కొట్టే స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి కడగొచ్చు. రేడియేటర్ సన్న రేకులని గట్టి బ్రష్‌తో రుద్దొద్దు, వంగిపోతే గాలి వెళ్లదు. హైదరాబాద్ లాంటి చోట్ల బోర్ నీళ్లతో తుడిస్తే తెల్ల మచ్చలు పడతాయి, ఆఖరి తుడుపుకి ఆర్‌ఓ నీళ్లు వాడుకోండి, ఒక లీటర్ చాలు. జిడ్డు నీళ్లని మొక్కల్లోకి, వీధి కాలవలోకి వదలొద్దు, కింద పాత గోనె సంచులు పరిస్తే చాలావరకు పీల్చేస్తాయి.

ఆరబెట్టడంలో తొందర పడొద్దు. కవర్లన్నీ తీసేయండి, వాటి కింద చెమ్మ దాగుతుంది. కనెక్టర్ల చుట్టూ, మూలల్లో బ్లోవర్ కొట్టి బానెట్ తెరిచి గంట ఎండలో ఉంచండి. తర్వాత బ్యాటరీ బిగించి, లోపల గుడ్డ, బ్రష్ ఏదైనా మర్చిపోయారేమో చూసి (ఎగ్జాస్ట్ మీద పడిన గుడ్డ అంటుకుంటుంది, నవ్వుకునే విషయం కాదు), స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఇంజిన్ కుదుపులు వస్తున్నా, చెక్ ఇంజిన్ లైట్ మినుకుతున్నా వెంటనే ఆపండి, కాయిల్ దగ్గరో స్పార్క్ ప్లగ్ గుంటలోనో నీళ్లు చేరి ఉంటాయి. లైట్ మినుకుతుండగా నడిపితే కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, దాని ఖర్చు మామూలుగా ఉండదు. బాగా ఆరనిచ్చి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే మెకానిక్‌ని ఇంటికే పిలవండి.

మెరుపు కావాలనిపిస్తే వాటర్ బేస్డ్ డ్రెస్సింగ్ (ప్లాస్టిక్, రబ్బర్‌కి రాసే పాలిష్) గుడ్డకి రాసుకుని ప్లాస్టిక్, రబ్బర్ పైపుల మీద పల్చగా రుద్దండి. బెల్టులకి, పుల్లీలకి, ఎగ్జాస్ట్ దగ్గర ఏదీ తగలకూడదు, బెల్టు జారితే ఆల్టర్నేటర్ ఆగుతుంది, కొన్ని బండ్లలో నీళ్ల పంపు కూడా. డీజిల్, కొబ్బరినూనె లాంటివి రెండు రోజుల్లో రెట్టింపు దుమ్ము పట్టిస్తాయి.

ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి చేస్తే సరిపోతుంది. ఈసారి క్లీన్ చేసిన వారం తర్వాత మాత్రం టార్చ్ వేసి ఒకసారి తప్పకుండా చూడండి, పాత ఫొటోల్లో తడి ఉన్న చోటే మళ్లీ ఆయిల్ కనిపిస్తే గ్యాస్కెట్ (అతుకుల మధ్య ఉండే సీల్) మార్పించే పని ఉన్నట్టు, కూలెంట్ పైపు చివర పచ్చగానో గులాబీగానో ఎండిన మరక వస్తే క్లిప్పో పైపో పోయినట్టు, ఆ ఫొటో తీసుకుని నేరుగా మీ మెకానిక్ దగ్గరకి వెళ్లండి.