జెట్ స్కీ ఇంజిన్ మొరాయిస్తే తనిఖీ ఎక్కడ మొదలుపెట్టాలి

మొరాయించే జెట్ స్కీ (నీటి మీద స్కూటరులా నడిపే వాహనం) మీద చేయి వేసే ముందు సీటు తీసి, ఇంజిన్ గదిని కొన్ని నిమిషాలు గాలికి వదిలేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి అది బయటికి పోకుండా అడుగున పేరుకుంటుంది. దానికి ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుడు జరుగుతుంది. పెట్రోలు వాసన వస్తున్నంతసేపూ స్టార్ట్ బటన్ జోలికి వెళ్లకూడదు. కారుకు, స్కూటరుకు అవసరం లేని ఈ జాగ్రత్త ఇక్కడ ప్రాణావసరం.

తర్వాత తేల్చుకోవలసినది, ఇంజిన్ అసలు తిరగడం లేదా, లేక తిరుగుతున్నా అందుకోవడం (స్టార్ట్ కావడం) లేదా అన్నది. ఈ రెండింటినీ కలగలిపి వెతికితే బాగున్న భాగాలు కూడా మార్చవలసి వస్తుంది.

తిరగకపోతే మొదట మణికట్టుకు కట్టుకునే భద్రతా తాడు (మనిషి పడిపోతే ఊడి ఇంజిన్‌ను ఆపేది) చివరి క్లిప్ సరిగా కూర్చుందో లేదో చూడాలి. ఆపైన బ్యాటరీ. విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు దాదాపు 12.6 చూపుతుంది, 12.4 కంటే తగ్గితే ఛార్జి చేయాలి, బటన్ నొక్కినప్పుడు 9.6 కంటే దిగజారితే బ్యాటరీని అనుమానించాలి. రుషికొండ వంటి సముద్రతీరాల్లో నడిచే వాహనాల్లో ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొర పడుతుంది. బ్యాటరీ బాగున్నా ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది కనుక, ఇంజిన్‌కు బిగించిన ఎర్తు వైరు చివరతో సహా అన్నీ విప్పి, గీకి, బిగించాలి.

బ్యాటరీ బాగుండి, రిలే (స్టార్టర్ మోటారుకు కరెంటు పంపే స్విచ్) టక్కుమంటున్నా ఇంజిన్ కదలకపోతే, ముఖ్యంగా బోల్తా పడిన తర్వాతగానీ మరో పడవతో లాగించిన తర్వాతగానీ అలా జరిగితే, సిలిండర్లలో నీరు నిలిచి ఉండవచ్చు. నీరు గాలిలా నొక్కితే కుదించుకోదు కాబట్టి బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌కు తగిలించిన కడ్డీ) వంగిపోతుంది. స్పార్కు ప్లగ్గులన్నీ తీసి, వాటి వైర్లను ఎర్తుకు కలిపి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, కొద్దికొద్దిగా తిప్పి నీటిని వెళ్లగొట్టాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే ఆయిల్ పాలరంగులోకి మారిందేమో చూడాలి; మారితే ఆయిల్ మార్చనిదే నడపకూడదు.

తిరుగుతూ కూడా అందుకోని ఇంజిన్ విషయంలో ప్లగ్గే మంచి సాక్షి. అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు బలహీనంగా ఉండి ఉండవచ్చు, లేదా పెట్రోలు ఎక్కువై ఉండవచ్చు. పెట్రోలు ఎక్కువైతే ఇంజెక్షన్ ఉన్న అనేక మోడళ్లలో యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి పట్టి స్టార్ట్ చేస్తే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఆగి సిలిండర్లు ఆరుతాయి. స్టార్టర్ మోటారును మాత్రం ఒకసారికి 5 సెకన్లు మించి తిప్పకుండా, మళ్లీ నొక్కే ముందు కనీసం 15 సెకన్లు చల్లారనివ్వాలి.

పెట్రోలు గురించి మన దేశంలో మరింత శ్రద్ధ వహించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటుంది. జెట్ స్కీ తయారీదారులు సాధారణంగా 10 శాతాన్నే అనుమతిస్తారు కాబట్టి మాన్యువల్ చూసుకోవడం తప్పనిసరి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా కదలకుండా నిలిపిన వాహనంలో ఆ తేమ హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు పీల్చేదీ ఆ అడుగు నుంచే. కొంచెం పెట్రోలును గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు కంటికి కనబడతాయి. అప్పుడు పైన కొత్త పెట్రోలు పోసి సరిపెట్టడం వృథా. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి ఫిల్టరు మార్చవలసిందే. పాత కార్బురేటరు మోడళ్లలో లోపలి చిన్న జల్లెడ కూడా శుభ్రం చేయాలి.

ఒడ్డున పరీక్షిస్తున్నప్పుడు చల్లబరిచే నీరు లేకుండా ఇంజిన్‌ను 15 సెకన్లకు మించి నడపకూడదు. చల్లబరచడానికి నీటి పైపు తగిలిస్తే ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాతే నీరు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీరు కట్టేయాలి, తర్వాత ఇంజిన్ ఆపాలి. ఈ వరుస తప్పితే ఎగ్జాస్ట్‌లో నిండిన నీరు వెనక్కి సిలిండర్లలోకి వస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా స్టార్ట్ కాకపోతే కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే పిస్టన్ రింగులో, వాల్వులో, హెడ్ గాస్కెట్టో దెబ్బతిని ఉండవచ్చు. అక్కడి నుంచి అది వర్క్‌షాపులో ఇంజిన్ విప్పి చేయవలసిన పని.