పెరటి నీడలో తోట – రెండో పాఠం: తడి నీడ, పొడి నీడ

పోయిన పాఠంలో మీ పెరడు బొమ్మ గీయమన్నాను. పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, మళ్ళీ మూడింటికి నీడ ఎక్కడిదాకా వస్తోందో మూడు రంగుల గీతలతో గుర్తుపెట్టమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ పాఠమంతా దాని మీదే.

కాగితం మూలన తేదీ వేశారా? వెయ్యకపోతే ముందు ఆ పని చేయండి. ఏ నెలలో గీశామో తెలియని నీడబొమ్మ మనల్ని మోసం చేస్తుంది. మా ఇల్లు రాజమండ్రిలో, పెరడు ఇంటికి ఉత్తరం వైపు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు కాబట్టి పది అడుగుల గోడ నీడ ఉత్తరం వైపు ఎనిమిదిన్నర అడుగుల దాకా పరుచుకుంటుంది. అదే మే రెండో వారం వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే చలికాలమంతా నీడలో ఉన్న నేల మీదే, రోళ్ళు పగిలే రోహిణి ఎండ నిలువునా పడుతుందన్నమాట. హైదరాబాదు, వరంగల్, విజయవాడ, విశాఖ, ఎక్కడైనా ఈ లెక్క కాస్త అటూ ఇటూగా ఇంతే. సంక్రాంతి సెలవుల్లో నీడ చూసుకుని పీస్ లిల్లీలు నాటి, మే నెలలో అవి మాడిపోతే కారణం తెలియక బాధపడేవాళ్ళు చాలామంది. మీ బొమ్మ చలికాలంలో గీసిందైతే, ఇంటి గోడకి ఉత్తరం వైపు ఉన్న జాగాలో "మేలో ఎండ" అని ఎర్ర పెన్నుతో రాసుకోండి. చెట్టు నీడకి ఈ గొడవ అంతగా లేదు. మామిడి ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. వేప, బాదం అయితే ఆకు రాల్చే రోజులు కూడా రాసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నీడలో మొక్క చచ్చిపోతే వెలుతురు చాలలేదని అనుకుంటాం. నేను చూసినంతవరకు ఎక్కువసార్లు కారణం నీళ్ళు. వెలుతురు తక్కువైన మొక్క సాగి, పాలిపోయి, నెలల తరబడి బతుకుతుంది. వేరు కుళ్ళిన మొక్క పది రోజుల్లో పోతుంది. అందుకే మొక్కల పేర్లు వెతకడానికి ముందు మీ నీడ ఏ రకమో తెలుసుకోవాలి.

గోడ నీడ మామూలుగా తడి నీడ. వాన నేల మీద పడుతుంది కానీ ఎండ తగలదు, గాలి ఆడదు, తడి ఆరదు. పాచి పడుతుంది, గోడకి చెమ్మ ఎక్కుతుంది. చెట్టు నీడ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. చిన్న వాన కొమ్మల మీదే ఆగిపోతుంది. కిందికి దిగిన కాస్త నీటినీ చెట్టు వేళ్ళే తాగేస్తాయి. పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల మన్ను పొడిగా పిండిలా ఉంటుంది. సన్‌షేడ్ కింద అడుగున్నర జాగా కూడా పొడి నీడే, అక్కడ వాన పడదు.

పైపైన చూస్తే ఇది తెలియదు. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. ఇంకా ఖాయంగా తెలియాలంటే గుంత పరీక్ష చేయాలి. గోడ దగ్గర ఒకటి, చెట్టు కింద కొమ్మల అంచున ఒకటి, మధ్యలో ఒకటి, మూడు గుంతలు తీయండి. ఒక్కోటి అడుగు లోతు, అడుగు వెడల్పు. నిండా నీళ్ళు పోసి ఇంకిపోనివ్వండి. ఆ మొదటిసారిది లెక్కలోకి రాదు, పొడి మన్ను ఎన్ని నీళ్ళైనా పీల్చేస్తుంది. మళ్ళీ నింపి, అంగుళాల గీతలు గీసిన పుల్ల నిలబెట్టి, గంట తర్వాత చూడండి. ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే మంచి నేల. అంగుళం కూడా దిగకపోతే అది తడి నీడ, అక్కడ నీళ్ళకి దారి చూపించాలి. నాలుగు అంగుళాలు దాటితే ఇసుక నేలైనా అయివుండాలి, వేళ్ళు అల్లుకున్న చోటైనా అయివుండాలి. పరీక్ష అయిన వెంటనే గుంతలు పూడ్చండి, పిల్లలు తిరిగే చోటు కదా.

రెండో పరీక్ష వాలు. దీనికి తాపీ మేస్త్రి వాడే లెవెల్ పైపు చాలు. మీ పెరటి పొడవు కన్నా ఓ పది అడుగులు ఎక్కువ ఉన్న సన్నటి తెల్ల పైపు కొని, గాలి బుడగ లేకుండా నీళ్ళు పట్టండి. ఒక కొసని ఇంటి గోడకి ఆనించి మీరు పట్టుకోండి. ఇంకో కొసని ఇంకొకరు వెనక ప్రహరీ దగ్గర పట్టుకోవాలి. రెండు కొసల్లోనూ నీటి మట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది, మధ్యలో పైపు ఎన్ని వంకర్లు తిరిగినా సరే. నీళ్ళు ఊగడం ఆగేదాకా ఇద్దరూ కదలకూడదు. తర్వాత ఎవరి దగ్గర వాళ్ళు నేల నుంచి నీటి మట్టం దాకా టేపుతో కొలవాలి.

మా పెరట్లో ఈ పని నేనూ మా అమ్మా చేశాం. పెరడు ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా పదిహేను అడుగులు, అడ్డంగా ఇరవై నాలుగు. ఎడమ మూల ప్రహరీ పక్కన మామిడి. నా దగ్గర, అంటే వంటింటి మెట్టు పక్కన, మూడడుగులు వచ్చింది. అమ్మ ప్రహరీ దగ్గర కొలిచి "రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు" అంది. మళ్ళీ కొలిచాం, అంతే వచ్చింది. అంటే ప్రహరీ దగ్గర నేల మూడు అంగుళాలు ఎత్తు. పెరటి వాన నీళ్ళన్నీ మా వంటింటి గోడ కిందికే వస్తున్నాయి. ఏటా వానాకాలం వెళ్ళాక ఆ గోడకి పుట్టీ, పెయింటు చేయిస్తూ వచ్చాం. ఉబ్బు మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోందో ఆ రోజు ఆ పైపు చెప్పింది.

నీళ్ళు ఇంటి నుంచి బయటికి పోవాలంటే ప్రతి అయిదు అడుగులకి కనీసం ఒక అంగుళం వాలు ఉండాలి. ఆ లెక్కన మా ప్రహరీ దగ్గర నేల ఇంటి కన్నా మూడు అంగుళాలు కింద ఉండాలి. ఉన్నది మూడు అంగుళాలు పైన. ఆరు అంగుళాల మన్ను తవ్వాలన్నమాట. కానీ అక్కడ మామిడి ఉంది. మామిడికి నీళ్ళు, బలం పీల్చే వేళ్ళు చాలావరకు పైనున్న అడుగు, రెండడుగుల లోతులోనే ఉంటాయి. ఆరంగుళాలు చెక్కితే చెట్టు బతుకు మీదికి వస్తుంది.

అందుకని పెరడంతా చదును చేసే ఆలోచన మానుకుని, ఇంటికి అయిదు అడుగుల దూరంలో అడ్డంగా ఒక చిన్న కాలవ తీశాం. అయిదు అడుగుల దగ్గర నేల ఇంటి కన్నా ఒక్క అంగుళమే ఎత్తు. ఆ గీత మీద రెండు అంగుళాల మన్ను తీసి, ఇంటి వైపు వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ వచ్చి, గోడ దగ్గర సున్నా చేస్తే చాలు, వాలు తిరగబడుతుంది. ఆ గీత మీద అడుగు వెడల్పు, ఇంకో నాలుగు అంగుళాల లోతున కాలవ. ఇంటి వైపు నీళ్ళూ, చెట్టు వైపు నీళ్ళూ అందులోనే కలుస్తాయి. కాలవ కూడా మామిడికి దూరంగా, కుడి మూలకి వాలాలి. ఎనిమిది అడుగులకి ఒక అంగుళం చొప్పున ఇరవై నాలుగు అడుగులకి మూడు అంగుళాలు. ఆ మూల ఇంటి పునాదికి పది అడుగులు తగ్గకుండా చూసుకుని ఇంకుడు గుంత పెట్టుకోవచ్చు. కాలవలో గులకరాళ్ళు పరిస్తే అదే తోటకి అందం. వాన లేని రోజు రాళ్ళ దారిలా ఉంటుంది, వాన రోజు ఏరులా పారుతుంది. నాకు మా పెరట్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

మీ కొలతలు వేరేగా ఉంటాయి. కానీ ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టి, చెట్టు దగ్గర పలుగు వేయకుండా లెక్క తేల్చుకోవడం మాత్రం ఎవరికైనా ఒకటే.

తీసిన మన్ను ఎక్కడ పోయాలి? చెట్టు మొదట్లో మాత్రం పోయకండి. ఇది అనుభవంతో చెబుతున్నాను. పదేళ్ళ క్రితం ఆ మామిడి కింద గులాబీలు వేయాలని ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి, మాను చుట్టూ అడుగు ఎత్తున పోయించాను. గులాబీలు మొదటి ఏడాదే పోయాయి, నీడలో అవి పుయ్యవు. రెండో ఏడాది మామిడికి చివర్ల నుంచి కొమ్మలు ఎండడం మొదలైంది. వేళ్ళకి గాలి అందక, మాను బెరడుకి ఎప్పుడూ తడి తగిలి అలా అయింది. మట్టంతా తట్టలతో తీసేశాక చెట్టు కోలుకుంది కానీ పడమటి వైపు పెద్ద కొమ్మ తిరిగి చిగురించలేదు. మాను మొదట్లో వేళ్ళు విచ్చుకునే చోటు కంటికి కనిపిస్తూ ఉండాలి, అది గుర్తుపెట్టుకోండి. తీసిన మన్నుతో చెట్టుకి దూరంగా, ఎత్తు మడి కట్టుకోండి. ఇంటి గోడకి ఆనించి కూడా వద్దు. గోడకీ మడికీ మధ్య అడుగు జాగా వదిలి కంకర పోయండి. గోడ ఆరుతుంది, చెదలు ఎక్కితే కనిపిస్తాయి.

చెట్టు కింద నేలకి కావలసింది రాలిన ఆకు. ఊడ్చి తగలబెట్టే ఆకే అక్కడి ఎరువు. రెండు, మూడు అంగుళాల మందాన పరవండి, మానుకి జానెడు దూరం వదలండి. పైన గుప్పెడు పశువుల ఎరువు చల్లితే త్వరగా కుళ్ళుతుంది. పురుగూ పుట్రా వస్తుందేమోనని అమ్మ భయపడేది. నడిచే చోట ఆకు ఉంచకుండా, మడిలోనే ఉంచితే ఆ భయం ఉండదు.

మొక్కల విషయం. పొడి నీడకి, అంటే చెట్టు కిందికి, స్నేక్ ప్లాంట్, స్పైడర్ లిల్లీ, ఆకు కింద ఊదారంగు ఉండే రియో, నేల మీద పాకించడానికి సింగోనియం, మనీ ప్లాంట్. మనీ ప్లాంట్‌ని మామిడి మాను ఎక్కనివ్వకండి. ఎక్కిందంటే ఆకు చేటంత అవుతుంది, దించడం కష్టం. ఇక్కడ పెద్ద మొక్కలు కొనొద్దు. పెద్ద మొక్కకి పెద్ద గుంత కావాలి, గుంత కోసం వేరు నరకాల్సి వస్తుంది. చిన్న కవరు మొక్క తీసుకుని, వేళ్ళ మధ్య చేత్తో తడిమి, మెత్తగా ఉన్న సందులో తాపీతో అరచేయంత గుంత తీసి నాటండి. బొటనవేలు కన్నా లావు వేరు తగిలితే పక్కకి జరగండి. తొలకరి పడ్డాక నాటితే సగం శ్రమ వానే తీసుకుంటుంది. మొదటి ఏడాది వేసవిలో మాత్రం వారానికి రెండుసార్లు నీళ్ళు తప్పవు, ఎందుకంటే పక్కనే మామిడి కూడా తాగుతోంది.

తడి నీడకి మన పెద్దవాళ్ళ దగ్గరే జవాబు ఉంది. గిన్నెలు తోమే చోట నీళ్ళు పారే దారిలో చేమ, అరటి వేసేవాళ్ళు. ఆ నేలలో పసుపు, అల్లం, ఫెర్నులు, కలేడియం, హెలికోనియా కూడా వస్తాయి. పసుపు, అల్లం మాత్రం ఎత్తు మడి మీద వేయాలి. వాటికి చెమ్మ కావాలి కానీ నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. చలికాలంలో పసుపు ఆకు ఎండిపోతే చచ్చిపోయిందని పీకకండి, దుంప ఊరింది, తవ్వుకోవచ్చని అర్థం. ప్రహరీకి తమలపాకు తీగ పాకిస్తే గోడ కనిపించదు, ఇంట్లో పేరంటానికి ఆకు కొనే పని ఉండదు.

పూలు కావాలా? మూడు, నాలుగు గంటల లేత ఎండ వచ్చే అంచుల్లో కనకాంబరం, నందివర్ధనం బాగా పూస్తాయి. మల్లె, గులాబీ, మందార ఆ పెరట్లో వద్దు. వాటిని డాబా మీద కుండీల్లో పెంచండి. క్రోటన్ నీడలో బతుకుతుంది కానీ రంగు పోయి పచ్చగా మారుతుంది.

ఒక హెచ్చరిక. చేమ, కలేడియం, డైఫెన్‌బాకియా, మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, వీటన్నిటి ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పిల్లలు నమిలితే నోరు మండి వాచిపోతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వీటిని కాలవకి అవతలి వైపు నాటండి. కుండీల కింద ప్లేట్లు కూడా తీసేయండి. డెంగీ దోమకి అంత నీరు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది.

మేము మొక్కలు కడియం నర్సరీల్లో తెచ్చుకుంటాం, దగ్గర కాబట్టి. ఎక్కడ కొన్నా సరే, ఆ మొక్క అక్కడ గ్రీన్ నెట్ కింద ఉందా, బయట ఎండలో ఉందా అన్నది చూడండి. ఎండలో పెరిగింది నేరుగా నీడకి వస్తే ఆకు రాలుస్తుంది. రెండు వారాలు మధ్యస్తంగా ఉన్న చోట ఉంచి నాటండి. కవరు అడుగున తెల్లటి వేళ్ళు కనిపించాలి. గోధుమరంగులో మెత్తగా ఉంటే తీసుకోవద్దు.

వచ్చే పాఠానికి మీరు చేయాల్సినవి: మూడు గుంతల్లో గంటకి ఎన్ని అంగుళాలు దిగిందో బొమ్మ మీద ఆయా చోట్ల రాయండి. ఇంటి దగ్గర, మధ్యలో, ప్రహరీ దగ్గర లెవెల్ కొలతలు వేయండి. తడి నీడకి నీలం, పొడి నీడకి గోధుమ రంగు పూయండి. కాలవ అవసరమైతే దాని గీత పెన్సిలుతో గీయండి, పెన్నుతో వద్దు. దారి వేయడం మూడో పాఠంలో. తాండూరు రాయి, కడప రాయి అప్పుడే కొనకండి. నీడలో పాలిష్ రాయి పాచి పట్టి జారుతుంది. ఏ రాయి, ఎంత ఇసుక అన్న లెక్క మీ కాగితం మీది కొలతలతోనే వేద్దాం.