వాంకోవర్ స్టైల్‌లోకి రిఫరెన్సులు మార్చిన తీరు

గుంటూరు మిర్చిని పట్టిన నల్ల తామర పురుగు మీద మేం రాసిన పేపర్‌ను ఒక జర్నల్ వెనక్కి పంపింది. రిఫరెన్సులు వాంకోవర్ స్టైల్‌లో, అంటే పేపర్‌లో వచ్చిన వరుసలో అంకెలతో ఉండాలట. మావన్నీ ఏపీఏలో, పేరు, సంవత్సరంతో ఉన్నాయి. చేత్తో మారిస్తే మధ్యలో ఒకటి చేర్చిన ప్రతిసారీ కింది అంకెలన్నీ దిద్దుకోవాలి. గడువు దగ్గరపడేకొద్దీ టెన్షన్.

రిఫరెన్సులు దాచుకుని, వర్డ్‌లో పెట్టుకోవడానికి పనికొచ్చే జోటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. డీఓఐ, అంటే ఒక్కో పేపర్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య, ఇస్తే చాలు, పేపర్ వివరాలు అదే తెచ్చుకుంటుంది. వర్డ్‌లో టైపు చేసి ఉన్న సైటేషన్లు తీసేసి, ఒక్కొక్కటీ జోటెరో నుంచి మళ్లీ పెట్టాను. ఓపిక పనే, అడ్డదారి లేదు. తర్వాత వర్డ్‌లోని జోటెరో ట్యాబ్‌లో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌ తెరిచి స్టైల్ మార్చగానే అంకెలూ జాబితా వాటంతటవే సర్దుకున్నాయి.

అసలు తంటా మన పేర్లతోనే. ఇంటిపేరు ముందుండటంతో ఒకే రచయిత రెండు రకాలుగా కనిపిస్తారు. ఒక్కో పేపర్ మొదటి పేజీ తెరిచి, అక్కడ ఎలా అచ్చయిందో అలాగే ఉంచాను. మనకు తెలుసు కదా అని పొడి అక్షరాలను పూర్తి పేర్లుగా రాస్తే, వెతికేవాళ్లకు ఆ పేపర్ దొరక్కపోవచ్చు. అది రచయితకు అన్యాయం.

ఇంకోటి, ఇటాలిక్‌లో, అంటే వాలు అక్షరాల్లో ఉండాల్సిన త్రిప్స్ పార్విస్పినస్ లాంటి శాస్త్రీయ నామాలు మామూలు అక్షరాల్లో వచ్చాయి. జోటెరో టైటిల్ గడిలో ఆ పేరుకు ముందూ వెనకా ఇటాలిక్ ట్యాగ్ పెట్టి, వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కితే సరిపోయింది.