డాలార్నా పచ్చికపూల డిజైన్: రిపీట్ నుంచి స్క్రీన్ ముద్రణ దాకా

స్వీడన్‌లోని డాలార్నాలో 1944లో మొదలైన యోబ్స్ కుటుంబ వర్క్‌షాప్ పచ్చికబయళ్ల పూలను నార (లినెన్) బట్టపై చేత్తో స్క్రీన్ ముద్రణ చేసింది, అంటే ఫ్రేముకి బిగించిన జాలీ గుడ్డ గుండా రంగును బట్టపైకి నొక్కింది. ఆ తరహాకి ప్రాణం రిపీట్, అంటే అతుకు తెలియకుండా బట్టంతా మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్ ముక్క.

40 × 40 సెం.మీ. కాగితం మధ్యలో పూలు గీయండి, అంచులు తాకకూడదు. నిలువుగా సగానికి కోసి కుడి ఎడమలు మార్చి అతికించండి. తర్వాత అడ్డంగా కోసి పైదీ కిందదీ మార్చండి. మధ్యలో తేలిన ఖాళీని ఆకులతో, గడ్డితో నింపండి. నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. తెల్లటి బాటలా గీత కనిపిస్తే ఖాళీలు ఒకే వరుసలో పడ్డాయన్నమాట. అక్కడికి ఒక కాడను వంచండి. అన్ని పూలూ ఒకే సైజులో ఉంటే మాత్రం వాల్‌పేపర్‌లా చప్పగా ఉంటుంది.

ఇక ముద్రణ: రంగుకో స్క్రీన్ కావాలి. నారను ముందే ఉతకండి, లేదంటే తర్వాత ముడుచుకుంటుంది. లేత రంగులు ముందు, ముదురు గీతలు చివర. రంగులు 1 మి.మీ. ఒకదానిపై ఒకటి ఎక్కాలి, లేకపోతే తెల్ల సందులు మిగులుతాయి. బట్ట పొడవునా రిపీట్ పడే స్థానాల్లో 1, 3, 5 ముందు ముద్రించి, ఆరాక 2, 4 వేయండి. వరుసగా వేస్తే స్క్రీన్ ఫ్రేము పచ్చి రంగును అలికేస్తుంది.